వయోవృద్ధుల నివాస భవనాలను డిజైన్ చేసే ఇంజనీర్లకు, వాటిని ఆమోదించే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మెకానికల్, ఎలక్ట్రికల్ డిజైన్ ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, భవన నిర్మాతలకు, ప్లాన్లు పరిశీలించి అనుమతులిచ్చే అధికారులకు,

వయోవృద్ధులు నివసించే భవనాల్లో చిల్లర్లు (ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రాలు), జనరేటర్లు, పంపులు, ప్యానెల్ బోర్డులు నడిపే నిర్వహణ సిబ్బంది తరఫున ఈ లేఖ రాస్తున్నాము. మీ వృత్తి మీద మాకు గౌరవం ఉంది. మేము రోజూ నడిపేది మీరు గీసిన వ్యవస్థలనే. ఇందులోని విషయాలను ఇదివరకే డిజైన్ సంస్థలకూ, అనుమతులిచ్చే కార్యాలయాలకూ లిఖితపూర్వకంగా విన్నవించుకున్నాము. వచ్చిన జవాబులన్నిటి సారాంశం ఒక్కటే: "డిజైన్ నిబంధనలకు లోబడే ఉంది." ఆ జవాబు అబద్ధం కాదు. అయితే మేము అడిగిన ప్రశ్న అది కాదు కనుక, అదే ప్రశ్నను ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాము.

ఆఫీసు భవనానికీ, షాపింగ్ కాంప్లెక్సుకూ, హోటలుకూ చేసే డిజైన్ వెనుక ఎవరూ పైకి చెప్పని ఒక నమ్మకం ఉంటుంది. ఏదైనా పాడైతే లోపలి మనుషులు లేచి బయటికి వెళ్ళిపోతారన్నదే ఆ నమ్మకం. కరెంటు పోతే ఉద్యోగులు ఇంటికి వెళతారు, ఏసీ ఆగితే కొనుగోలుదారులు మరో దుకాణానికి వెళతారు, మంట అంటుకుంటే అందరూ మెట్లు దిగుతారు. ఎమర్జెన్సీ లైట్లు కనీసం 90 నిమిషాలు వెలగాలన్న, అమెరికా అగ్ని భద్రతా ప్రమాణాల సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ 101 నియమం కూడా బయటికి వెళ్ళేవారిని దృష్టిలో పెట్టుకున్నదే. వయోవృద్ధుల నివాసంలో ఈ నమ్మకం చెల్లదు. అక్కడ మంచం దిగడానికి ఒకరు, చక్రాల కుర్చీలోకి మారడానికి ఇద్దరు సాయపడవలసినవారు ఉంటారు, పైగా రాత్రి డ్యూటీలో ఒక్కో అంతస్తుకు ఒకరిద్దరు సహాయకులకు మించి ఉండరు. ఆ భవనంలో ఏది చెడిపోయినా మనుషులు లోపలే ఉంటారు. అందువల్ల డిజైన్ లెక్క మొదలు కావలసింది "ఎంతసేపట్లో ఖాళీ చేయగలరు" అన్న ప్రశ్నతో కాక "ఎన్ని రోజులు లోపలే ఉండగలరు" అన్న ప్రశ్నతో. మీ డ్రాయింగుల్లో ఈ రెండో ప్రశ్నకు జవాబు మాకు కనిపించడం లేదు.

కింది అంశాలను దయచేసి ఒక్కొక్కటిగా పరిశీలించండి.

1. కరెంటు పోయినప్పుడు చల్లదనం సంగతి.

ఎక్కువ భవనాల్లో జనరేటర్‌కు కలిపే లోడుల జాబితా ఒకే విధంగా ఉంటుంది: ఫైర్ పంపు, ఎమర్జెన్సీ లైట్లు, అలారం, ఒక లిఫ్టు, నీటి పంపులు. ఏసీ అందులో ఉండదు, ఎందుకంటే వాణిజ్య భవనాల లెక్కలో అది సౌకర్యం కిందికి వస్తుంది. వయసు పైబడిన శరీరానికి చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది, గుండెకూ రక్తపోటుకూ వాడే కొన్ని మందులు ఒంట్లోని నీటిని మరింత తగ్గిస్తాయి. అటువంటి శరీరానికి చల్లని గాలి సౌకర్యమని రాయడం వైద్యపరంగా తప్పు, కాబట్టి ఇంజనీరింగ్ పరంగానూ తప్పే.

దీనికి ఊహలు అక్కర్లేదు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను తరువాత అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, హాలీవుడ్ పట్టణంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ వ్యవస్థకు కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతిన్నది. మిగతా భవనంలో కరెంటు ఉంది, కానీ చల్లదనం ఆగిపోయింది. లోపలి వేడికి అక్కడ నివసించేవారు వరుసగా కుప్పకూలారు, చివరికి 12 మంది మరణాలను హత్యలుగా వర్గీకరించారు. రోడ్డుకు అవతలి వైపునే కరెంటు ఉన్న పెద్ద ఆసుపత్రి ఉండగా ఇది జరిగింది. ఆ తరువాతే ఫ్లోరిడా ప్రభుత్వం నియమాలు మార్చి, కరెంటు పోయినా లోపలి ఉష్ణోగ్రత 81 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 27 డిగ్రీల సెల్సియస్ దాటకుండా 96 గంటలపాటు నిలపగల ప్రత్యామ్నాయ విద్యుత్తు ఉండాలని నిర్దేశించింది. 2003 ఆగస్టు వడగాడ్పులలో ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15,000 అదనపు మరణాలు నమోదయ్యాయి, వారిలో అత్యధికులు వృద్ధులే.

ఇక్కడ డిజైన్ ఉష్ణోగ్రతల ఎంపిక గురించీ చెప్పాలి. ఏసీ, గాలి వ్యవస్థల ప్రమాణాలు రూపొందించే అమెరికా ఇంజనీర్ల సంస్థ ఆష్రే పట్టికల్లో 0.4 శాతం విలువ తీసుకుంటే, ఏడాదిలోని 8,760 గంటల్లో సగటున 35 గంటలు బయటి వేడి ఆ అంకెను మించుతుందని ముందే ఒప్పుకున్నట్లు. ఆఫీసులో ఆ 35 గంటలు చొక్కా చేతులు మడుచుకుని సర్దుకుపోయేవి. అయితే ఆ గంటలు ఏడాది పొడవునా చెల్లాచెదురుగా రావు. చాలా వరకు వడగాడ్పు రోజుల్లోనే గుంపుగా వస్తాయి, సరిగ్గా అప్పుడే గ్రిడ్ మీద లోడు పెరిగి కరెంటు పోయే అవకాశమూ ఎక్కువ. డిజైన్‌లో రెండు వేర్వేరు పేజీల్లో ఉన్న వేడి, కరెంటు కోత అనే ఈ రెండూ క్షేత్రంలో ఒకే మధ్యాహ్నం ఎదురవుతాయి.

భవనమంతటికీ చిల్లర్ బ్యాకప్ ఇమ్మని మేము అడగడం లేదు. ప్రతి అంతస్తులో, లేదా ఆ అంతస్తు వారందరినీ చేర్చగలిగినంత దగ్గరలో, ఒక ఉమ్మడి హాలును చల్లని ఆశ్రయంగా ముందే గుర్తించండి. 100 చదరపు మీటర్ల హాలుకు ఉజ్జాయింపుగా 15 కిలోవాట్ల శీతలీకరణ సామర్థ్యం చాలు, అందుకు పట్టే కరెంటు 5 కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటుంది. లక్షల వాట్ల లోడు లెక్కలు వేసే మీకు ఈ 5 కిలోవాట్లు కష్టమని మేము అనుకోము. ఇంధనం మాటా అంతే. 100 కిలోవాట్ల డీజిల్ జనరేటర్ పూర్తి లోడు మీద గంటకు సుమారు 27 లీటర్లు తాగుతుంది, 96 గంటలకు దాదాపు 2,600 లీటర్లు కావాలి. మాకు అప్పగించే ట్యాంకు చాలాసార్లు ఒక్క పని దినానికి సరిపడేది. ట్యాంకుకు స్థలం, అగ్నిమాపక దూరాలు, ట్యాంకరు వచ్చే దారి మొదటి ప్లానులోనే లేకపోతే తరువాత ఎక్కడా దొరకవు.

జనరేటర్‌ను అవసరానికి మించి పెద్దది పెట్టి, నెలనెలా పది శాతం లోడు మీద నడిపి "టెస్టు చేశాము" అనడం మరో దురలవాటు. తక్కువ లోడు మీద నడిచే డీజిల్ ఇంజను కాలని ఇంధనాన్ని పొగగొట్టంలోకి వదిలి లోపల మసి, జిగురు పేరుస్తుంది. ఎన్‌ఎఫ్‌పీఏ 110 నెలకోసారి 30 నిమిషాలు, కనీసం 30 శాతం లోడు మీద నడపమన్నది ఇందుకే. లోడ్ బ్యాంకు (పరీక్ష కోసం జనరేటర్ మీద కృత్రిమంగా లోడు పెట్టే పరికరం) తగిలించడానికి టెర్మినళ్ళు డిజైన్‌లోనే ఇవ్వకపోతే ఆ పరీక్ష మేమెలా చేయాలో చెప్పండి.

2. వేడినీళ్ళు.

ఈ అంశం మీద అందరికీ తొందరే, అందుకే కొంచెం నిదానంగా రాస్తున్నాము. లెజియోనెల్లా అనే బాక్టీరియా సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీటిలో పెరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర బతకలేదు. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశం తరువాత గుర్తించిన ఈ జబ్బు ముసలివారికీ, ఊపిరితిత్తులు బలహీనమైనవారికీ ప్రాణాంతకం. 2015లో ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలోని మాజీ సైనికుల నివాసంలో ఇది ప్రబలి 12 మంది చనిపోయారు. అందుచేత నీటిని ట్యాంకులో 60 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలి, కుళాయిల వైపు వెళ్ళిన నీటిని ట్యాంకుకు వెనక్కి తెచ్చే తిరుగు పైపులో సైతం 50కి తగ్గనివ్వకూడదు.

అయితే అదే 60 డిగ్రీల నీరు కుళాయి దగ్గరికి వస్తే పెద్దవారి చర్మం సుమారు 5 సెకన్లలో తీవ్రంగా కాలుతుంది. 49 డిగ్రీల దగ్గర అదే గాయానికి 5 నిమిషాలకు పైగా పడుతుంది. వృద్ధుల చర్మం పలుచన, మధుమేహం వల్ల స్పర్శ మందగించి ఉంటుంది, కాలు వెనక్కి లాక్కోవడానికి పట్టే సమయం ఎక్కువ. ఈ రెండు ప్రమాదాలనూ ఒకేసారి తప్పించే పరికరం కొత్తదేమీ కాదు. కుళాయికి దగ్గరలో పెట్టే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు ఆ పని చేస్తుంది. అది స్నానపు నీటిని 43, 44 డిగ్రీలు దాటనివ్వదు, చల్లనీళ్ళు హఠాత్తుగా ఆగిపోతే వేడినీళ్ళనూ మూసేస్తుంది.

మరి మాకు అందుతున్నదేమిటి? ఖర్చు తగ్గించే సమీక్షలో ఒక్కో గదికి ఒక్కో వాల్వు తీసేసి, ప్లాంటు రూములో అంతస్తు మొత్తానికి ఒకే వాల్వు పెడతారు. దానితో ఆ వాల్వు నుంచి చివరి గది దాకా ఉన్న పైపంతా 43 డిగ్రీల నీటితో నిండుతుంది, అంటే బాక్టీరియా పెరగడానికి అనువైన వేడిలో ఉంటుంది. కాలిన గాయాల నుంచి కాపాడబోయి జబ్బుకు చోటిచ్చినట్లు అవుతుంది. విద్యుత్తు ఆదా పేరిట, వేడినీటిని పైపుల్లో తిప్పుతూ ఉండే సర్క్యులేషన్ పంపుకు టైమరు బిగించి రాత్రంతా ఆపేసే డిజైన్లనూ చూశాము. నివాసి ఆసుపత్రిలో చేరితే ఆ గది కుళాయి రెండు మూడు వారాలు వాడకుండా ఉంటుందని, ఆ పైపులో నీరు నిలిచిపోతుందని డిజైనరు ఆలోచించినట్లు ఏ డ్రాయింగులోనూ ఆనవాలు లేదు. తిరుగు పైపును వీలైనంత వరకు కుళాయి దాకా తీసుకుపోండి. వాడకం లేని పైపు కొసలను వదిలేయకండి. ఉష్ణోగ్రత కొలిచే పాయింట్లు పైపు మీదే ఇవ్వండి. భవనాల నీటిలో లెజియోనెల్లా ముప్పు తగ్గించే ఆష్రే 188 ప్రమాణం 2015లోనే వచ్చింది. నీటి భద్రతా ప్రణాళిక రాసుకోవలసింది మేమే, కాదనము. కానీ ఆ ప్రణాళిక అమలు కావాలంటే పైపులు అందుకు అనువుగా వేసి ఉండాలి.

3. అలారం.

వయసుతో ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల (కీచు శబ్దాల) వినికిడి. మామూలు పొగ అలారం 3,100 హెర్ట్జ్ చుట్టుపక్కల కీచుమంటుంది. నిద్రలో ఉన్న వృద్ధులను, వినికిడి యంత్రం తీసి పక్కన పెట్టినవారిని లేపడంలో 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం ఎంతో మెరుగని పరిశోధనల్లో తేలింది. ఎన్‌ఎఫ్‌పీఏ 72 పడకగదులకు ఈ శబ్దాన్ని తప్పనిసరి చేసిన నియమం 2014 నుంచి అమలులో ఉంది. ఖర్చులో తేడా కొద్దిగానే ఉంటుంది. అయినా ఆఫీసు భవనం అలారం వివరాలనే యథాతథంగా ఇక్కడ అతికిస్తున్నారు.

4. వెలుతురు.

అరవై ఏళ్ళవారి కంటి రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవారితో పోలిస్తే దాదాపు మూడో వంతే. అలాగని లైట్ల సంఖ్యను మూడింతలు చేస్తే సరిపోదు, ఎందుకంటే ముదిరిన కంటికి మిరుమిట్లు అంతే ఎక్కువ బాధ కలిగిస్తాయి. నిగనిగలాడే నేల మీద ఎల్‌ఈడీ ప్రతిబింబం పడితే కొందరికి అది నీటి మడుగులా కనబడుతుంది, దాటబోయి తడబడతారు. కాంతి మూలం కంటికి నేరుగా కనిపించకుండా, కారిడార్‌లో ఒక్కసారిగా వెలుగు, ఒక్కసారిగా చీకటి లేకుండా చూడవలసింది మీరే.

మాకు అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులు వచ్చే వస్తువు మాత్రం టాయిలెట్‌లోని మోషన్ సెన్సరు. కదలిక లేకపోతే ఐదు నిమిషాలకో పది నిమిషాలకో లైటు ఆర్పే ఈ పరికరం ఆఫీసు టాయిలెట్‌కు సరిపోతుంది. ఎనభై ఏళ్ళ వ్యక్తి కమోడ్ మీద కదలకుండా పావుగంట కూర్చుంటారు, లైటు ఆరిపోతుంది, చీకట్లో గోడ తడుముకుంటూ లేస్తారు. పడి తుంటి ఎముక విరిగిన తరువాత ఆ సెన్సరు మిగిల్చిన యూనిట్లను ఎవరు లెక్క కడతారు? ఇది సాంకేతిక సమస్య కూడా కాదు, నకలు తీసే అలవాటు. మంచం నుంచి టాయిలెట్ దాకా నేలకు దగ్గరగా, కాషాయ రంగు దగ్గరి మసక వెలుగు రాత్రంతా ఉండాలి, మంచం పక్కన చేతికందే స్విచ్చుతో గది దీపం వెలగాలి. ప్లగ్ సాకెట్ నేల నుంచి కనీసం 450 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, వంగి పెట్టబోయి ముందుకు పడేవారు ఉన్నారు కనుక.

5. గాలి, తేమ, రిఫ్రిజెరెంటు.

కోవిడ్ కాలంలో వయోవృద్ధుల నివాసాల్లో ఏం జరిగిందో గుర్తు చేయవలసిన అవసరం లేదు. 2023లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ గంటకు కనీసం 5 సార్లు గది గాలి మారేంత శుభ్రమైన గాలి అందించడం మంచిదని సూచించింది. అదే ఏడాది, గాలి ద్వారా సోకే జబ్బుల నియంత్రణకు ఆష్రే 241 ప్రమాణం వెలువడింది. బయటి గాలి పెంచడం ఒక్కటే మార్గం కాదు, సన్నని కణాలను కూడా పట్టే మెర్వ్-13 స్థాయి ఫిల్టరు గుండా లోపలి గాలిని తిప్పినా ఫలితం ఉంటుంది. కానీ పల్చని ఫిల్టరుకు లెక్క కట్టిన ఫ్యాను మీద మెర్వ్-13 బిగిస్తే పీడన నష్టం పెరిగి గాలి ప్రవాహం పడిపోతుంది, చివరి గదులకు గాలే చేరదు. ఫ్యాను ఎంపికలో ఆ అదనపు పీడనాన్ని మొదటే కలపమని మా విన్నపం. యంత్రాన్ని అవసరానికి మించి పెద్దది పెట్టడం వల్ల మరో చిక్కు వస్తుంది. గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగుతుంది, తేమ తగ్గేంతసేపు నడవదు. చల్లగా, చెమ్మగా ఉండే ఆ గదిలో బూజు పడుతుంది, ఊపిరితిత్తుల రోగి దగ్గుతారు, మేము థర్మోస్టాట్‌ను ఇంకా కిందికి దించుతాము.

వీఆర్‌ఎఫ్ (ఒకే బయటి యంత్రంతో పైపుల ద్వారా అనేక గదులను చల్లబరిచే) పద్ధతి ఏసీల విషయంలో మరో ప్రశ్న ఉంది. ఒకే పైపుల వ్యవస్థలో ఉన్న రిఫ్రిజెరెంటు, అంటే చల్లదనాన్నిచ్చే వాయువు, అంతా లీకైతే చివరికి ఒక చిన్న పడకగదిలోకి రావచ్చు. ఆర్-410ఏ అనే రిఫ్రిజెరెంటు లీకైనప్పుడు గది గాలిలో ఉండదగిన పరిమితి ఘనపు మీటరుకు 420 గ్రాములు. 32 ఘనపు మీటర్ల గదికి అది దాదాపు 13 కిలోలు. అయితే తమంతట తాము త్వరగా బయటికి వెళ్ళలేనివారు ఉండే చోట్లకు ఆష్రే 15 ఆ పరిమితిని సగం చేసింది, అంటే సుమారు ఆరున్నర కిలోలు. అంతకు మించి రిఫ్రిజెరెంటు నింపిన వీఆర్‌ఎఫ్ వ్యవస్థలు సర్వసాధారణం. మీ లెక్కల పత్రంలో ఏ పరిమితి వాడారు? ఈ ప్రశ్న అడిగితే మాకు వచ్చిన జవాబు, ఈ భవనం "నివాస" వర్గం కిందికి వస్తుందని.

6. వర్గీకరణ.

పై జవాబులోనే అసలు కిటుకు ఉంది కనుక దీన్ని విడిగా రాస్తున్నాము. అమెరికాలో వాడే నమూనా భవన నిబంధనావళి ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ 24 గంటల వైద్య సంరక్షణ ఉండే నర్సింగ్ హోమ్‌లను ఐ-2 అనీ, 16 మందికి మించి సంరక్షణలో ఉండే నివాసాలను ఐ-1 అనీ విడదీస్తుంది. స్వతంత్రంగా బతికే వృద్ధుల ఫ్లాట్లు మామూలు అపార్టుమెంట్ల వర్గంలోకి వెళతాయి. నిర్మాతకు చివరి వర్గం చవక. డిజైనరుకు అది తేలిక. కాగితం మీద అది న్యాయసమ్మతం.

కానీ 70 ఏళ్ళ వయసులో నడిచి లోపలికి వచ్చిన వ్యక్తి 85 ఏళ్ళకు అదే ఫ్లాటులో చక్రాల కుర్చీలో ఉంటారు. పక్కన ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్, గాలి నింపే పరుపు పంపు, విద్యుత్ మంచం ఉంటాయి. "చివరిదాకా ఇక్కడే ఉండవచ్చు" అని అమ్మకపు కరపత్రాల్లో రాసింది కూడా ఆ నిర్మాతలే. భవనం వర్గం మారలేదు, మనుషులు మారారు. అపార్టుమెంటు లెక్కన డైవర్సిటీ ఫ్యాక్టరు (అన్ని పరికరాలూ ఒకేసారి నడవవన్న తగ్గింపు లెక్క) వేసి, అంతస్తులకు కరెంటు పైకి తీసుకెళ్ళే రైజర్ కేబుళ్ళను సన్నటివి ఎంచుకున్న భవనంలో, రాత్రంతా ఒక్కోటి 300 వాట్లకు పైగా లాగే కాన్‌సెంట్రేటర్లు ఒకే అంతస్తులో పది నడిస్తే ఆ లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాటికి డైవర్సిటీ అంటూ ఉండదు, అన్నీ ఒకేసారి, ఆగకుండా నడుస్తాయి. వాటిలో ఒక్కటి కూడా జనరేటర్ సాకెట్ మీద ఉండదు, ఎందుకంటే అపార్టుమెంటు పడకగదికి అటువంటి సాకెట్ అక్కర్లేదని కోడ్ అనుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి మా మనుషులు టార్చిలైటుతో ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుంటూ మెట్లు ఎక్కుతున్నారు.

లిఫ్టు విషయం ఒక్క వాక్యంలో చెబుతాము: స్ట్రెచరు పడుకోబెట్టినట్టుగా పట్టే లిఫ్టు కనీసం ఒకటి ఉండాలి, అదే జనరేటర్ మీద ఉండాలి, ఎందుకంటే ఈ రెండూ వేర్వేరు లిఫ్టులైన భవనాలను మేము చూశాము.

7. నిర్వహణకు చోటు.

మంచానికి సరిగ్గా పైన ఫాల్స్ సీలింగ్‌లో గదిలోకి చల్లని గాలి వదిలే ఫ్యాన్ కాయిల్ యూనిట్ పెడతారు. ఫిల్టరు కడగాలంటే నివాసిని లేపి, మంచం జరిపి, నిచ్చెన వేయాలి. మంచం దిగలేనివారి గదిలో ఆ ఫిల్టరు ఎన్నాళ్ళకు ఒకసారి కడుగుతారో మీరే ఊహించండి. అదే యూనిట్‌ను గుమ్మం పైనో, కారిడార్ వైపు నుంచి తెరిచేలాగో పెడితే ఐదు నిమిషాల పని. మేము చెప్పేవాటిలో ఇది అతి చిన్న విషయంగా కనబడవచ్చు, మా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే మిగతా వ్యవస్థలన్నీ పనిచేస్తాయా లేదా అన్నది ఇలాంటి చోటనే తేలుతుంది. వాల్వు ఎక్కడుందో చూపని డ్రాయింగులు, కట్టినదానికి బదులు మొదట అనుకున్నది చూపే డ్రాయింగులు మాకు అప్పగించి వెళ్ళిపోతే, పైపు పగిలిన రాత్రి నీళ్ళు ఆపడానికి మొత్తం భవనాన్నే ఆపవలసి వస్తుంది.

ఇంజనీర్ల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. ఫీజు తక్కువ, గడువు తక్కువ, పైపులు, కేబుళ్ళు వెళ్ళే షాఫ్టుకు ఆర్కిటెక్టు చోటివ్వరు, టెండరు అయిన తరువాత "వాల్యూ ఇంజనీరింగ్" పేరిట సగం తీసేస్తారు, తీసేసినట్లు డిజైనరుకు చాలాసార్లు తెలియను కూడా తెలియదు. అందుకే ఈ లేఖను మీ ఒక్కరికే కాక, నిర్మాతలకూ, అనుమతులిచ్చేవారికీ కలిపి రాశాము. కోడ్ అంటే అంతకన్నా కిందికి దిగకూడని గీత. దాన్నే పైకప్పుగా వాడుకోవడం మీలో ఎవరు మొదలుపెట్టినా, మానిపించే అధికారం అనుమతి సంతకం చేసే చేతిలో ఉంది.

కనుక మా కోరికలు ఇవి.

ఒకటి. ప్రతి వయోవృద్ధుల నివాస భవనం డిజైన్ పత్రంలో ఒక పేజీ తప్పనిసరిగా ఉండాలి. డిజైన్ వేసవి రోజున కరెంటు పోతే 4, 24, 96 గంటల తరువాత అతి వేడి గదిలో ఉష్ణోగ్రత ఎంత, చల్లని ఆశ్రయంలో ఎంత, నీళ్ళు ఎంతసేపు వస్తాయి, ఏ సాకెట్లు పనిచేస్తాయి అన్నది లెక్క కట్టి, ఇంజనీరు సంతకంతో ఇవ్వాలి. చలి ప్రాంతాల్లో ఇదే పేజీ హీటింగ్‌కు వర్తించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఇళ్ళలో 18 డిగ్రీలకు తగ్గకూడదని ఉంది, వృద్ధులకు అంతకన్నా ఎక్కువే కావాలి.

రెండు. ఆశ్రయపు హాలు ఏసీ, ప్రతి పడకగదిలో ఎరుపు రంగు గుర్తుతో కనీసం ఒక సాకెట్, స్ట్రెచరు లిఫ్టు, నర్స్ కాల్ వ్యవస్థ (నివాసులు సాయం కోసం పిలిచే గంట), వేడినీటి సర్క్యులేషన్ పంపు అత్యవసర ప్యానెల్ మీద ఉండాలి.

మూడు. నివాసులు చేరకముందే, అనుమతి అధికారి సమక్షంలో, ఎండాకాలపు మధ్యాహ్నం మెయిన్ బ్రేకర్ తీసి కనీసం 4 గంటలు భవనాన్ని నడిపి చూపాలి. ఏ లోడు ఏ ప్యానెల్ మీద ఉందో విద్యుత్ వ్యవస్థ పటమైన సింగిల్ లైన్ డయాగ్రమ్ చెప్పేదొకటి, బ్రేకర్ తీసినప్పుడు తెలిసేది మరొకటి. ఈ పరీక్ష లేకుండా ఆక్యుపెన్సీ ధ్రువపత్రం ఇవ్వకూడదు.

నాలుగు. అప్పగింత రోజున ప్లాంటు రూముకు అతి దూరంలోని కుళాయి దగ్గర, తిరుగు పైపులో, ట్యాంకులో కొలిచిన ఉష్ణోగ్రతలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఐదు. ప్రాణరక్షణకు సంబంధించిన ఏ పరికరాన్నైనా ఖర్చు తగ్గింపులో తీసేస్తే, మొదటి డిజైనరు సంతకం, కొత్త అనుమతి రెండూ ఉండాలి. తీసేసినవాటి జాబితాను ఫ్లాటు తీసుకునేవారికి చూపాలి.

ఆరు. డిజైన్ మూడో వంతు పూర్తయిన దశలో, ఇటువంటి భవనాన్ని నడిపిన అనుభవమున్న నిర్వహణ సిబ్బందికి డ్రాయింగులు చూపి, వారి అభ్యంతరాలకు రాతలో జవాబివ్వాలి. మా సమయానికి మేము ఫీజు అడగము.

ఏడు. ఇప్పటికే నివాసులున్న భవనాలను వదిలేయవద్దు. మిక్సింగ్ వాల్వులు, 520 హెర్ట్జ్ అలారాలు, టాయిలెట్ సెన్సర్ల తొలగింపు ఒక్క నిర్వహణ బడ్జెట్‌లో అయ్యే పనులు, వాటికి తక్షణ గడువు పెట్టండి. జనరేటర్, రైజర్ కేబుళ్ళకు సర్వే చేసి దశలవారీ గడువు ప్రకటించండి.

ఈ ఏడింటిలో మీకు ఆమోదం కానివి ఉండవచ్చు. అలాంటివాటికి అంశం సంఖ్య వేసి, సాంకేతిక కారణం చూపి, బాధ్యుడైన ఇంజనీరు పేరుతో బహిరంగంగా జవాబివ్వవలసిందిగా కోరుతున్నాము. "నిబంధనలకు లోబడే ఉంది" అన్న వాక్యం ఆ జవాబులో ఉంటే, ఏ నిబంధన, ఏ సంవత్సరపు కూర్పు, ఏ వర్గీకరణ కింద అన్నది కూడా రాయండి. మీ జవాబును నివాసులకూ, వారి కుటుంబాలకూ మేమే చదివి వినిపిస్తాము.

ఇట్లు,
వయోవృద్ధుల నివాస భవనాల నిర్వహణ సిబ్బంది తరఫున,
ఒక నిర్వహణ ఇంజనీరు